నవ్వినవారి సంఖ్య

ఉరవకొండలో తెలుగు పండితుడిగా ఉన్న పన్నెండేళ్ళలో నేను వందలమందికి సంధులూ సమాసాలూ చెప్పాను. హాస్యమంటే ఏమిటో నాకు చెప్పింది మాత్రం అయిదో తరగతితో బడి మానేసిన కుళ్ళాయప్ప. అతను రాసిన ఒక మంచి మాటను పాడుచేసిన ఏడుగురిలో నేనూ ఒకణ్ణి. మిగతా ఆరుగురికీ ఆ సంగతి గుర్తుండదు కాబట్టి నేనే రాస్తున్నాను.

కుళ్ళాయప్పది ఉరవకొండకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక చిన్న పల్లె. వాళ్ళ నాయన కూలిమనిషి. వాన పడిన ఏడు వేరుశెనగ చేలలో చెనక్కాయ పీకేవాడు, పడని ఏడు కరువు పనిలో రాళ్ళు కొట్టేవాడు. కొడుక్కి రెండూ చేతకాలేదు. 1954లో చౌడప్ప టూరింగ్ టాకీసులో గేటు దగ్గర టిక్కెట్లు చించే పనికి కుదిరాడు.

టాకీసంటే ఒక పెద్ద గుడారం, ఒక డీజిలు ఇంజను, ఒకే ఒక మిషను. రీలు అయిపోయిన ప్రతిసారీ దీపాలు వేసి, మిషనులో ఇంకో రీలు ఎక్కించాలి. దానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఆటకు అయిదారుసార్లు ఇలా జరిగేది. ఆ నాలుగు నిమిషాల్లో జనం ఈలలు వేసేవాళ్ళు, చెనక్కాయ పొట్టు చల్లేవాళ్ళు, అది అయిపోతే కింద ఉన్న మట్టిపెళ్ళలు తీసి తెర మీదికి విసిరేవాళ్ళు.

ఒక రోజు రాజకుమారి ఏడుస్తున్న చోట ఫిలిం తెగింది. అతికించడానికి ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు. చౌడప్ప గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చి కుళ్ళాయప్ప చెయ్యి పట్టుకున్నాడు.

“పోరా, తెర ముందర నిలబడి ఏదన్నా చెప్పు పో.”

“ఏం చెప్పల్ల?”

“నాకేం తెల్సు? తెర చినగకుండా చూడు, అంతే.”

కుళ్ళాయప్ప పోయి నిలబడ్డాడు. ఒక మట్టిపెళ్ళ భుజానికి తగిలింది. కంగారులో అతను మా సీమలో వైశాఖం దాటాక ప్రతి మనిషీ రోజుకు యాభైసార్లు చేసే పనే చేశాడు. కనుబొమల మీద అరచెయ్యి పెట్టుకుని మబ్బు కోసం పైకి చూశాడు. పైన ఆకాశం లేదు, మాసిన గుడారం గుడ్డ ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు. కుళ్ళాయప్ప చెయ్యి దించి, కాసేపు ఆలోచించి, పడమర వైపుకు తిరిగి మళ్ళీ చూశాడు. ఈసారి పదిమంది నవ్వారు. అప్పుడు వేలు పైకి చూపించి, రహస్యం చెప్పినట్టు, “వచ్చె” అన్నాడు.

మూడువందల మంది ఒక్కసారి తలలెత్తి పైకి చూశారు. చూశాక గానీ వాళ్ళకు తెలియలేదు, ఏం చూశారో. గుడారం దద్దరిల్లిపోయింది. ఫిలిం అతికించి గంట కొట్టినా రాజకుమారి ఏడుపు ఎవరికీ వినబడలేదు.

చౌడప్ప మర్నాడు కూడా అదే ఆట వెయ్యమన్నాడు. కుళ్ళాయప్ప వేశాడు. “వచ్చె” అన్నాడు. ఒక్కడూ తల ఎత్తలేదు. మట్టిపెళ్ళ మాత్రం వచ్చింది.

“నిన్న మోసపోయినోడు ఈ పొద్దు ఏంటికి పైకి చూస్తాడు అయ్యవారూ?” అన్నాడు నాతో చాలా ఏళ్ళ తర్వాత. “రోజూ కొత్తది కావల్లంటే రాసుకోక తప్పదని ఆ పొద్దే తెలిసె.”

అలా నోటు పుస్తకం కొన్నాడు. అతని పెట్టుబడి గేటు దగ్గర విన్న మాటలే. టిక్కెట్టు లేకుండా లోపలికి రావడానికి మనుషులు చెప్పే కారణాలన్నీ రాసిపెట్టుకున్నాడు. ఒకడు సినిమా చూడనని, కళ్ళు మూసుకుని పాటలు మాత్రం వింటానని ప్రమాణం చేశాడట. ఇంకొకడు నిన్న సగం చూసి నిద్రపోయాననీ, ఆ నిద్రపోయిన సగం ఈ రోజు చూసుకుంటాననీ వాదించాడట. ఇవి తెర ముందు చెబితే, ఆ మాటలు అన్నవాళ్ళే అందరికంటే గట్టిగా నవ్వేవాళ్ళు. తమ గురించే అని వాళ్ళకు తట్టేది కాదు.

రీలు ఎక్కించాక మిషను గదిలో గంట మోగుతుంది. గంట తర్వాత ఎంత గొప్ప మాట చెప్పినా ఇంజను చప్పుడులో కలిసిపోతుంది. అందుకని రాసిందంతా నాలుగు నిమిషాల్లో ఇమడాలి, పెద్ద నవ్వు గంటకు ముందే రావాలి. మొదట్లో కుళ్ళాయప్పకు ఇది చేతనయ్యేది కాదు. తర్వాత ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆట రాయడం ముగిశాక మొదటి అయిదారు మాటలు కొట్టేసేవాడు. “అవి ఎప్పుడూ దండగే. నేను గొంతు సవరించుకునేదానికి రాసుకున్నవి. వాళ్ళకు ఏంటికి?” అనేవాడు. నేను ఇప్పటికీ ఏ వ్యాసం రాసినా మొదటి పేరా మీద అనుమానంగానే చూస్తాను.

మారెక్క ఆ గుడారంలో ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్మేది. ముప్పై ఏళ్ళ మనిషి. గంప నెత్తిన పెట్టుకుని జనం మధ్య నడుస్తూ అరిస్తే ఇంజను చప్పుడును దాటి వినిపించేది. ఒక రోజు కుళ్ళాయప్ప తాగొచ్చిన మొగుడి వేషం వేసి, లేని పెళ్ళాన్ని గద్దిస్తున్నాడు.

“ఏమే, సంగటి యాడ?”

జనం మధ్య నుంచి మారెక్క, చెనక్కాయలు కొలుస్తూనే, తల తిప్పకుండా అంది. “రాగులు యాడ?”

గుడారం ఊగిపోయింది. కుళ్ళాయప్పకు ఒళ్ళు మండింది. తర్వాత రోజు ఆ మాట తీసేసి ఇంకోటి అడిగాడు. ఆమె దానికీ జవాబు చెప్పింది. మూడో రోజు ఆట అయ్యాక ఆమె దగ్గరికి పోయాడు.

“అక్కా, నువ్వు నా ఆట చెడగొడతాండావు.”

“నేనా? నువ్వు అడిగితివి, నేను చెప్తిని. జవాబు వద్దంటే అడగొద్దప్పా.”

పదిరోజులు ఆలోచించి ఆమెనే తెర ముందుకు రమ్మన్నాడు. మారెక్క రెండు షరతులు పెట్టింది. చెనక్కాయల గంప తన పక్కనే ఉండాలి. తనను కొట్టే ఆట తాను ఆడదు.

ఆ రోజుల్లో నవ్వుల ఆటంటే మగవాడు చీర కట్టుకుని పెళ్ళాం వేషంలో రావాలి, మొగుడి వేషం వాడు వాడిని చీపురుతో బాదాలి. కుళ్ళాయప్ప తల గోక్కున్నాడు.

“కొట్టకపోతే జనం నవ్వరక్కా.”

“కొడితే నవ్వేటోళ్ళు మగోళ్ళే. సగం గుడారం ఆడోళ్ళు ఉండారు. ఆ పక్కకి ఎప్పుడన్నా చూసినావా నువ్వు?”

చూడలేదు. గుడారంలో తాడు కట్టి ఆడవాళ్ళను ఒక పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. తెర ముందు నిలబడి ఏడాది దాటినా కుళ్ళాయప్ప ఆ వైపు తిరిగి మాట్లాడిందే లేదు. ఆ రోజు నుంచి తిరిగాడు. మొగుడు అరవడం, పెళ్ళాం ఒక్క మాట అనడం, మొగుడికి నోట మాట రాకపోవడం. కొట్టినదానికంటే ఇది ఎక్కువ తగిలేది. పదేళ్ళు ఆ ఇద్దరూ ఉరవకొండ చుట్టుపక్కల చౌడప్ప గుడారం ఎక్కడ వేస్తే అక్కడ ఆడారు. నేను ప్రతి శనివారం పోయేవాణ్ణి. పిల్లలు గుర్తుపడతారని కండువా ముసుగు వేసుకుని కూర్చునేవాణ్ణి. నా పక్కన నా విద్యార్థులు కూడా ముసుగులు వేసుకునే కూర్చునేవాళ్ళు.

1965లో మా ప్రాంతానికి కొత్త బ్లాకు ఆఫీసరు వచ్చాడు. కృష్ణ ఒడ్డున పుట్టినవాడు, ఉత్సాహవంతుడు. ఒక రోజు టాకీసుకు పోయి సినిమా కంటే కుళ్ళాయప్ప ఆటే బాగుందనుకున్నాడు. మర్నాడే కబురు పంపాడు.

“చూడవోయ్, జనాన్ని నవ్విస్తూ నాలుగు మంచి ముక్కలు చెప్పాలి. మంచి ముక్కలు మేమిస్తాం. నవ్వు నువ్వియ్యి.”

కుళ్ళాయప్ప పొంగిపోయాడు. సర్కారు పని, భుజానికి ఖాకీ సంచి. చౌడప్పకు దండం పెట్టి, మారెక్కను కూడా ఒప్పించి వచ్చేశాడు. మొదటి అంశం పొగ రాని పొయ్యి. అది వరసగా రెండో కరువు సంవత్సరం. వండుకోవడానికి ఏమీ లేని ఊళ్ళకు కళ్ళు మండకుండా వండుకోవడమెలాగో నేర్పాలని పైనుంచి ఉత్తర్వు. ఆఫీసు గోదాములో అరవై పొయ్యిల సామాను అప్పటికే దిగి ఉంది.

కుళ్ళాయప్ప రాసిన నాటికను పరిశీలించడానికి ఏడుగురితో కమిటీ వేశారు. భాష చూడటానికి నన్ను వేశారు. కమిటీ అన్నాక ప్రతి సభ్యుడూ తాను చదివానని రుజువు చేసుకోవాలి. అందుకు ఏదో ఒకటి కొట్టెయ్యడమే మార్గం. ఆరోగ్య శాఖాయన దగ్గు తీసేశాడు, దగ్గితే క్షయ అనుకుంటారని. వ్యవసాయం ఆయన మేకను తీసేశాడు, మేకలు మొక్కలు తింటాయి కాబట్టి వాటిని ప్రోత్సహించకూడదని. ఇంకొకాయన మొగుడి తాగుడు తీసేశాడు. మద్యనిషేధం అమల్లో ఉంది కాబట్టి తాగినవాడు లేడు. నాటికలో పొయ్యి గొప్ప చెప్పే ఆఫీసరు వేషం ఊరివాడికి ఇవ్వకూడదనీ, గుమాస్తా హోదాకు తగ్గనివాడే వెయ్యాలనీ తీర్మానించి, ఆఫీసు గుమాస్తా ఆంజినప్పకు ఇచ్చారు.

నా వంతు వచ్చింది. మారెక్క మాట ఒకటుంది అందులో. “మా ఇంట్లో మూడు నెలల నించి పొగ రాని పొయ్యే ఉండాది సారూ. అంటిస్తే కదా పొగ వచ్చేది.” నేను ‘ఉండాది’ కొట్టేసి ‘ఉన్నది’ అని రాశాను.

గోడ పక్కన నిలబడి ఉన్న కుళ్ళాయప్ప మెల్లగా అన్నాడు. “అయ్యవారూ, ఉన్నది అంటే ఆ యమ్మ కొంగు సర్దుకుని ఫోటోకు నిలబడినట్ల ఉంటాది.”

“గ్రంథస్థం అయ్యేటప్పుడు భాష శుద్ధంగా ఉండాలి” అన్నాను నేను. నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు.

మా చర్చ అక్కరలేకపోయింది. ఆఫీసరు గారు ఆ మాట మొత్తం మీద ఎర్ర సిరా గీత గీసి పక్కన ‘వాస్తవ విరుద్ధం’ అని రాశారు.

ప్రదర్శన ఒక పల్లెలో, షామియానా కింద. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వచ్చాడు. వేదిక మీద నిజం పొయ్యి కట్టించారు. ముందురోజే కట్టడంతో మట్టి ఇంకా తడిగా ఉంది. ఆంజినప్ప టై కట్టుకుని వేదికెక్కి, “చూడమ్మా, ఇందులోనుంచి రవంత పొగ కూడా రాదు” అంటూ అంటించాడు. గొట్టంలోంచి తప్ప అన్ని పక్కలనుంచీ పొగ వచ్చింది. కమిటీ తీసేసిన దగ్గు ఆంజినప్పకు దానంతటదే వచ్చింది. మాటలు మర్చిపోయాడు. మొగుడి వేషంలో ఉన్న కుళ్ళాయప్ప మా ఏడుగురి వైపు చూస్తూ నిలబడిపోయాడు.

మారెక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, నింపాదిగా అంది.

“మీరు శ్రమ పడొద్దండి సారూ. మా ఇంట్లో మూడు నెలల నించి పొగ రాని పొయ్యే ఉండాది.”

“అవునా? ఎవరు కట్టిచ్చిరి?” అన్నాడు ఆంజినప్ప, నిజంగానే ఆశ్చర్యపోయి.

“ఎవరూ కట్టియ్యలేదు. అంటిస్తే కదా పొగ వచ్చేది. వండేదానికి ఏముండాది?”

 ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలైంది. అది మగవాళ్ళ మీదుగా వేదిక దాకా వచ్చింది. పెద్ద ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. మా ఆఫీసరు ఆయన ముఖం చూసి, చూశాక నవ్వాడు. తర్వాత కమిటీ హోదాల వరసన నవ్వింది. నేను ఆరోవాడిగా నవ్వాను.

అసలు కథ ఆ తర్వాత. పెద్ద ఆఫీసరు తన పర్యటన నివేదికలో ‘పొయ్యి పథకమును ప్రజలు మిక్కిలి ఆనందముతో స్వీకరించినారు’ అని రాశాడు. మరో అరవై పొయ్యిలు మంజూరయ్యాయి. నాటికను నలభై గ్రామాల్లో వెయ్యాలనీ, జనం నవ్విన ఆ మాట ప్రతిచోటా తప్పక ఉండాలనీ ఉత్తర్వు వచ్చింది. కమిటీ మళ్ళీ కూర్చుంది. మాట ఉండాలి, అందులో ఆక్షేపణీయమైనది ఉండకూడదు. చివరికి ఇలా తేలింది. ‘మా గృహమందు మూడు మాసములుగా పొగరాని పొయ్యి ఉన్నది. మేము మిక్కిలి సంతోషముగా ఉన్నాము.’

ఆ వాక్యాలు నావే. అందులో తప్పు ఒక్కటి లేదు.

కుళ్ళాయప్ప దాన్ని మారెక్కకు చదివి వినిపించాడు. ఆమె ఇంకోసారి చదవమంది.

“దీంట్లో నవ్వేది యాడ ఉండాది?”

“ముందర నవ్వినారు కదక్కా. అదే మాటని కొంచెం...”

“అదే మాట కాదు. నాకు చదువు రాదు, నాకే తెలస్తాండాది. నీకు తెలీదా?”

ఆమె గంప ఎత్తుకుని చౌడప్ప గుడారానికి వెళ్ళిపోయింది. కుళ్ళాయప్ప పోలేకపోయాడు. నెల తిరిగితే చేతికొచ్చే జీతం, కరువులో ఇంటినిండా మనుషులు. తానే చీర కట్టుకుని పెళ్ళాం వేషం వేశాడు. మొగుడి వేషం బంట్రోతుకు ఇచ్చారు.

పదిహేడు గ్రామాలు తిరిగాడు. ఎక్కడా ఎవరూ నవ్వలేదు. అంతకంటే అతన్ని కుంగదీసింది, ఎవరూ అరవకపోవడం. కరువు పనికి వచ్చే కూలీలను నాటిక దగ్గర కూర్చోబెట్టి, అది అయ్యాక హాజరు వేసేవాళ్ళు. హాజరు కోసం వాళ్ళు కదలకుండా కూర్చునేవాళ్ళు. ఒక రోజు మా ఇంటి అరుగు మీద కూర్చుని కుళ్ళాయప్ప అన్నాడు. “ఒక్క మట్టిపెళ్ళ పడినా బాగుండు అయ్యవారూ. పెళ్ళ ఏసేటోడు ఇంగా ఏదో వస్తాదని చూసేటోడు. వీళ్ళు నన్ను ఎండను చూసినట్ల చూస్తాండారు.”

నవ్వు రావడం లేదని ఆఫీసుకూ తెలిసింది. దానికి మందుగా ఒక ఫారం అచ్చు వేయించారు. హాజరైనవారి సంఖ్య, నవ్వినవారి సంఖ్య, నవ్వనివారి పేర్లు, నవ్వనందుకు కారణం. ప్రతి ప్రదర్శన తర్వాత నింపి ఆంజినప్ప చేతికి ఇవ్వాలి.

పద్దెనిమిదో గ్రామంలో జరిగింది నాకు ఆంజినప్పే చెప్పాడు. కుళ్ళాయప్ప చీర కట్టుకుని వేదికెక్కి, ‘మా గృహమందు’ అన్నాడు. ఆగాడు. జనాన్ని చూశాడు. నడుం దగ్గర దోపుకున్న ఫారం తీసి విప్పాడు.

“అప్పా, అమ్మా, ఒక మాట. ఈడ ఏమి రాసి ఉండాదో వినండి. నవ్వినోళ్ళు ఎంతమంది అని రాయల్లంట.”

జనం ముఖాలు చూసుకున్నారు.

“నవ్వనోళ్ళ పేర్లు కూడా కావల్లంట. ఎవరప్పా నవ్వనోళ్ళు? చేతులెత్తండి, రాసుకుంటా.”

ముందు వరసలో ఒక ముసలమ్మ భయంభయంగా చెయ్యి ఎత్తింది. ఆమెను చూసి పక్కనామె ఎత్తింది. చూస్తుండగానే రెండువందల చేతులు లేచాయి.

“సరే. ఏంటికి నవ్వలేదో కారణం చెప్పండి. ఈడ జాగా బెత్తెడే ఉండాది. దాంట్లో పట్టేటట్ల చెప్పండి.”

ముసలమ్మ పళ్ళు లేని నోటితో ముందు నవ్వింది. తర్వాత ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండగా ఊరంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో “నా పేరు రెండుసార్లు రాయప్పా” అని అరిచారు. ఇంకెవరో “కారణానికి ఇంగో కాగితం తగిలియ్యి” అన్నారు. ఆంజినప్ప టై ఊడదీసుకుని మరీ నవ్వాడట. నవ్వు ఆగి హాజరు వెయ్యడానికి అరగంట పట్టింది.

కుళ్ళాయప్ప ఫారం నిజాయితీగా నింపాడు. నవ్వినవారి సంఖ్య: అందరూ. కారణం: ఈ ఫారం.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ‘హాస్యము మితిమీరినందున’ అతని సేవలు ఇక అవసరం లేదు. ఖాకీ సంచి తిరిగి తీసుకున్నారు. మిగిలిన గ్రామాల్లో పొయ్యి గురించి ఉపన్యాసం మాత్రం ఇస్తే చాలన్నారు. ఉపన్యాసానికి ఫారం లేదు. పొయ్యిల్లో చాలావాటిలో కోళ్ళు గుడ్లు పెట్టాయి.

నెల రోజులు ఇంట్లోనే ఉండి, సిగ్గుపడుతూ కుళ్ళాయప్ప చౌడప్ప దగ్గరికి పోయాడు. అక్కడ ఇంకో దెబ్బ. చౌడప్ప బళ్ళారి నుంచి రెండో మిషను తెచ్చాడు. ఒకటి ఆగకముందే ఇంకోటి మొదలవుతుంది. రీళ్ళ మధ్య సందే లేదు.

“నీకు జాగా యాడ పెట్టల్లప్పా?” అన్నాడు చౌడప్ప. అతనికి బాధగానే ఉంది, మిషన్ల గర్వం కూడా ఉంది.

కుళ్ళాయప్ప మళ్ళీ గేటు దగ్గర టిక్కెట్లు చించాడు. మారెక్క ముఖం మాడ్చుకుని ఉంది. దీపాలు వెయ్యకపోతే చెనక్కాయలు కొనేవాడు లేడు. కానీ అందరికంటే ముందు విసుక్కున్నది జనమే. మూడు గంటలు ఎడతెగకుండా తెరను చూడటం వాళ్ళకు అలవాటు లేదు. నాలుగో రోజు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. “చౌడప్పా, మిషను ఆపు! మారెక్కను రానీ!” కాసేపటికి మగవాళ్ళూ అందుకున్నారు. మట్టిపెళ్ళ ఒకటి తెర అంచుకు తగిలింది. అప్పుచేసి తెచ్చిన రెండో మిషనును చౌడప్ప తన చేత్తోనే ఆపుకున్నాడు. దీపాలు వెలిగాయి. మారెక్క గంప దించి, గేటు వైపు చూసి కేకేసింది.

“రా, ఏమి సిగ్గుపడతాండావు? ఫారం తెచ్చుకుంటివా?”

ఆ రోజు వాళ్ళు నాలుగు నిమిషాలు కాదు, ఇరవై నిమిషాలు ఆడారని చౌడప్ప తర్వాత చాలాకాలం గొణిగాడు.

1968లో నాకు బదిలీ అయింది. బండిలో సామాను ఎక్కించుకుని పోతూ గుడారం దగ్గర ఆగాను. ఊళ్ళు తిరిగే ఎద్దులబండి మీద కట్టడానికి చౌడప్ప కొత్త బోర్డు రాయించాడు. హీరో బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో ‘కుళ్ళాయప్ప నవ్వుల ఆట’.

మారెక్క నన్ను చదవమంది. చదివాను.

“నా పేరు యాడ?”

నేను కుళ్ళాయప్ప వైపు చూశాను. అతను రంగుల డబ్బా తెచ్చుకుని, తన పేరు మీద సున్నం పూసి, దాని మీద ‘మారెక్క’ అని రాశాడు. రాసేసరికి తన పేరుకు చోటు మిగల్లేదు. బోర్డంతా వెతికి, హీరో చెప్పుల కింద, పండితుడినైన నాకే కళ్ళు చికిలించుకుంటే తప్ప కనబడనంత చిన్నగా తన పేరు ఇరికించాడు. రంగు ఆరకముందే బండివాడు ఎద్దులను అదిలించాడు. చౌడప్ప బండి వెంట నడుస్తూ, మిషన్లు రెండున్నాయన్న మాట బోర్డులో యాడా లేదని అరుస్తూనే ఉన్నాడు.